డ్రాప్ టేబుల్ దానంతట అదే పడిపోతోందా? స్ప్రింగ్ మార్చే ముందు ఇవి చూడండి

ప్రశ్న: నేను హన్మకొండలో చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్నాను. హైదరాబాద్‌లో ఒక క్లినిక్ మూసేస్తుంటే అక్కడి నుంచి అమెరికాలో తయారైన పాత చిరోప్రాక్టిక్ డ్రాప్ టేబుల్ కొన్నాను. చేతులతో వెన్ను సరిచేసే చికిత్సకు వాడే బల్ల ఇది, నొక్కగానే దాని భాగం కొద్దిగా కిందికి పడుతుంది. ఇప్పుడు నడుము దగ్గర అలా పడే భాగం (డ్రాప్ పీస్), ఎంత బలానికి పడాలో సరిచేసే నాబ్ పూర్తిగా బిగించినా, పేషెంట్ పడుకోగానే ఒక్కోసారి దానంతట అదే పడిపోతోంది. పడినప్పుడు ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు. హెడ్ పీస్ మెల్లగా కిందికి జారుతోంది. రెక్సిన్ పగిలింది. మాకు తెలిసిన మెకానిక్ చూసి, "మందం తీగె స్ప్రింగ్ ఏస్తే పదేండ్లు చూసుడే లేదు మేడమ్" అన్నాడు. కంపెనీని అడిగితే పార్టుల ధర, రవాణా, కస్టమ్స్ కలిపి చాలా అవుతోంది. ఇక్కడే చేయించుకోవచ్చా, లేక వచ్చిన కాడికి అమ్మేయమంటారా? – ఒక ఫిజియోథెరపిస్ట్

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. ఆ మందం స్ప్రింగ్ మాత్రం వేయించకండి. మీ మెకానిక్ చెడ్డవాడని కాదు. ట్రాక్టర్ ట్రాలీకి, గేటుకి ఆ లెక్క సరిపోతుంది. ఈ టేబుల్‌కి సరిపోదు. స్ప్రింగ్ గట్టిదనం తీగ మందాన్ని బట్టి మామూలుగా పెరగదు, నాలుగో ఘాతంలో పెరుగుతుంది. చుట్టల సంఖ్య, చుట్ట వ్యాసం మార్చకుండా 3 మిల్లీమీటర్ల తీగ బదులు 3.5 మిల్లీమీటర్ల తీగ వేస్తే చూడటానికి తేడా అర మిల్లీమీటరే, కానీ స్ప్రింగ్ దాదాపు 85 శాతం గట్టిపడుతుంది. అప్పుడు నాబ్ పూర్తిగా వదులు చేసినా సన్నటి పేషెంట్‌కి డ్రాప్ పడదు. పడేదాకా మీరు ఇంకా గట్టిగా నొక్కుతారు. ఆ బలమంతా ఎవరి నడుములోకి పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తక్కువ బలంతో పని జరగాలనే కదా డ్రాప్ టేబుల్ వచ్చింది. 1950ల్లో అమెరికాలో జె. క్లే థాంప్సన్ అనే చిరోప్రాక్టర్ తల ఆనించే భాగం కిందికి పడేలా చేసినప్పటి నుంచి దీని సూత్రం అదే.

ఇంతకీ మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించిన మాట "ఒక్కోసారి". స్ప్రింగ్ అలసిపోతే ఒక్కోసారి పడటం ఉండదు. ఇంత బరువు దాకా ఆగుతుంది, అది దాటితే ప్రతిసారీ పడుతుంది. అదే పేషెంటు, అదే నాబ్ సెట్టింగు, ఒకసారి ఆగి ఇంకోసారి పడుతోందంటే తప్పు ఎక్కువగా పట్టుకునే చోట, అంటే క్యాచ్‌లోనో, తిరిగే చోట అంటే పిన్నులోనో, దాని చుట్టూ ఉండే లోహపు గొట్టం బుష్‌లోనో ఉంటుంది. ఊహ మీద డబ్బు పెట్టకుండా దీన్ని మీరే తేల్చుకోవచ్చు. మనుషుల మీద కాదు, బియ్యం బస్తా మీద.

25 కిలోల బస్తాలు రెండు తెప్పించండి. నాబ్ మీద, పక్కన ఫ్రేము మీద మార్కర్‌తో ఒకే గీత గీసి, నాబ్ ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. లివర్ నొక్కి పీస్‌ని పైకి లేపి, ఒక బస్తాను నెమ్మదిగా దాని నడిమధ్య ఆనించండి. ఎత్తేసినట్టు వేయకండి, ఆ అదురుకే పడుతుంది. పదిసార్లు లేపి పదిసార్లూ చూడండి. తర్వాత రెండు బస్తాలతో, ఆ తర్వాత బస్తాను ఒక అంచుకు జరిపి చూడండి. మధ్యలో పెడితే ఆగి, అంచుకు జరిపితే పడుతోందా? అయితే బుష్ అరిగింది. పీస్ ఒక పక్కకు వాలి క్యాచ్ అంచు మీదికి జారుతోందన్నమాట. ఎక్కడ పెట్టినా ఆగడం పడటం ఒక పద్ధతి లేకుండా ఉంటే క్యాచ్ అంచు గుండ్రబడింది. ఒక బస్తాకి ప్రతిసారీ ఆగి, రెండు బస్తాలకి ప్రతిసారీ పడితే అప్పుడు మాత్రమే స్ప్రింగ్‌ని అనుమానించండి. మీ దగ్గరికి ఎనుమాముల మార్కెట్ హమాలీ వచ్చినా, ఇంటర్ చదివే పిల్ల వచ్చినా నాబ్ ఒక్కటి తిప్పి ఇద్దరికీ సరిపెట్టగలగాలి. టేబుల్ బాగుందనడానికి గుర్తు అదే.

విప్పే ముందు జాగ్రత్త. పీస్‌ని కిందికి వదిలేయండి, నాబ్ పూర్తిగా వదులు చేయండి, ప్లగ్గు గోడ నుంచి తీసేయండి. స్ప్రింగ్ బిగువులో ఉండగా పిన్ను తీస్తే వేళ్లు పోతాయి. లేపి ఉన్న పీస్ కింద చెయ్యి పెట్టి ఫోన్ లైటు కొట్టి చూడటం అందరూ చేసే పనే, దయచేసి మీరు చేయకండి.

విప్పగానే మొదట చూడాల్సింది నాబ్ కడ్డీ. నాబ్ తిప్పుతుంటే లోపల స్ప్రింగ్ నిజంగా నొక్కుకుంటోందా, లేక నట్టు త్రెడ్ అరిగి ఊరికే తిరుగుతోందా? "పూర్తిగా బిగించాను" అని మీరు రాసినది చేతికి తెలిసిన బిగువే తప్ప కంటికి కనిపించింది కాదు. నట్టు పోయి ఉంటే మొత్తం సమస్య అక్కడే తీరిపోవచ్చు.

అది బాగుంటే పిన్నుల దగ్గరికి రండి. తుడవకముందే చూడండి, ఎందుకంటే మురికే అసలు విషయం చెబుతుంది. పిన్ను చుట్టూ ఇటుక పొడిలాంటి ఎర్రటి సన్న ధూళి ఉంటే ఉక్కు ఉక్కుతో పొడిగా రాసుకుంటోంది, మధ్యలో బుష్ పోయింది, లేదా గ్రీజు ఎన్నడో ఎండిపోయింది. గ్రీజులో బంగారు రంగు మెరుపు కనిపిస్తే గన్‌మెటల్ లేదా ఇత్తడి బుష్ అరుగుతోంది. నల్లటి జిగట మాత్రమే ఉంటే అది పాత గ్రీజూ దుమ్మూ కలిసిన ముద్ద, కిరోసిన్‌తో కడిగితే పోతుంది. ఆ జిగట వల్లే క్యాచ్ పూర్తిగా కూర్చోక జారడం కూడా చూశాను. కడిగాక పీస్ రెండు మూలలూ పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకీ ఊపండి. చేతికి 'టిక్' మని తగిలితే బుష్ మార్చాల్సిందే.

ఈ బుష్‌లు అమెరికా నుంచి తెప్పించనక్కర్లేదు. ములుగు రోడ్డు వైపు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోనో, మీకు దగ్గర్లోనో పంపుసెట్ల పని చేసే మంచి టర్నర్ ఉంటే అతనికి ఇది చిన్న పని. కాకపోతే అతనికి మీరు మూడు విషయాలు చెప్పాలి. కొలత పిన్ను మధ్యలో తీసుకోవద్దు, అక్కడ అరిగి సన్నబడి ఉంటుంది. బుష్ తగలని చివర, మెరుపు పోని చోట వెర్నియర్ పెట్టమనండి. రెండోది, బుష్ ఒక్కటే కాదు, పిన్ను కూడా కొత్తది చేయాలి. అరిగిన పిన్నుకు కొత్త బుష్ వేస్తే ఆ వదులు అలాగే మిగులుతుంది. పిన్ను ఈఎన్-8 రకం ఉక్కు కడ్డీతో, బుష్ గన్‌మెటల్‌తో చేస్తే చాలు. మూడోది చాలామంది వదిలేసేది. బుష్‌ను కొట్టి ఎక్కించాక దాని లోపలి రంధ్రం కొద్దిగా ముడుచుకుంటుంది. ఎక్కించాక రంధ్రాన్ని సరైన కొలతకు సాపు చేసే రీమర్ తిప్పి, పిన్ను వేలితో నెడితే దిగేలా, కానీ ఊపితే ఆడకుండా చూసుకోవాలి. 12 మిల్లీమీటర్ల పిన్నుకైతే 0.05 మిల్లీమీటర్ల ఖాళీ అంటే మంచి టర్నర్‌కి అర్థమవుతుంది. ఎడమా కుడీ రెండు బుష్‌లూ ఒకేసారి మార్చండి. ఒకటే మారిస్తే పీస్ వంకరగా పడి, కొత్తదాన్ని త్వరగా తినేస్తుంది.

క్యాచ్ మాత్రం ఇక్కడ చేయించవద్దు. దాని అంచు కోణం, పైపొర గట్టిదనం రెండూ తయారీలో కుదిర్చినవి. ఆకురాయితో గీసి పదును తెప్పిస్తే కోణం మారుతుంది, గట్టి పొర పోతుంది, కొన్ని నెలలకు మళ్లీ గుండ్రబడుతుంది. వెల్డింగ్‌తో ముద్ద పెట్టి గ్రైండ్ చేసినా అంతే, ఆ వేడికి మెత్తబడుతుంది. కంపెనీకి పెట్టే డబ్బు ఏదైనా ఉంటే దీనికే పెట్టండి. టేబుల్ అడుగున ఉండే లేబుల్ మీది మోడల్, సీరియల్ నంబర్లు, విప్పిన క్యాచ్ ఫోటో పక్కన స్కేలు పెట్టి పంపితే తప్పు పార్టు రాదు. అది వచ్చేదాకా నడుము పీస్‌ని అసలు లేపకుండా మామూలు బల్లలా వాడుకోండి. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ల కింద అనుకోకుండా పడే పీస్ ఎంత ప్రమాదమో మీకు తెలుసు.

పరీక్షలో తప్పు స్ప్రింగ్‌దే అని తేలితే, అదీ కంపెనీ నుంచి తెప్పించడమే మేలు. కుదరకపోతే పాతదాన్ని నమూనాగా తీసుకెళ్లి తీగ మందం, బయటి వ్యాసం, చుట్టల సంఖ్య, వదిలినప్పటి పొడవు నాలుగూ రాసిచ్చి అలాంటిదే చేయించండి. పొడవు విషయంలో ఒక చిక్కుంది. అలసిన స్ప్రింగ్ కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి దాని పొడవు అసలు పొడవు కాదు. ఒక పీస్‌కి రెండు స్ప్రింగులుంటే రెంటినీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి చూడండి, పొట్టిదే దోషి.

ఇక బోల్టులు. ఇక్కడే మన దగ్గర ఎక్కువ టేబుళ్లు పాడవుతాయి. అమెరికా టేబుల్ అంటే అంగుళాల త్రెడ్. 5/16 అంగుళం బోల్టు అంటే 7.94 మిల్లీమీటర్లు. మన 8 మిల్లీమీటర్ల బోల్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కానీ త్రెడ్ దూరం ఒకదాంట్లో 1.41, ఇంకోదాంట్లో 1.25 మిల్లీమీటర్లు. ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కి బిగుసుకుంటుంది. "తుప్పు పట్టింది" అనుకుని పానా వేసి బలంగా తిప్పుతారు, ఫ్రేములోని త్రెడ్ లేచిపోతుంది. సూతుల లెక్కన రెండున్నర సూతుల బోల్టు అడిగినా కొన్నిసార్లు మీకు బీఎస్‌డబ్ల్యూ అనే బ్రిటిష్ త్రెడ్ రకం ఇస్తారు. ఈ సైజులో అంగుళానికి 18 త్రెడ్‌లు రెంటికీ ఒకటే కాబట్టి అది ఎక్కుతుంది, కానీ త్రెడ్ కోణం 55 డిగ్రీలు, అమెరికా వాటిది 60. కుర్చీకైతే ఫరవాలేదు, రోజూ అదిరే డ్రాప్ పీస్‌కి పనికిరాదు. అమెరికా త్రెడ్ పేరు యూఎన్‌సీ, ఆ పేరు పెట్టి అడగండి. వరంగల్‌లో దొరకకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి. విప్పిన ప్రతి నట్టుకూ బదులు కొత్త నైలాక్ నట్టు (అదురుకు వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉండేది) వేసుకోండి. ఒకసారి విప్పిన నైలాక్ పట్టు తగ్గుతుంది.

ఇనుము చప్పుడు సంగతి. పీస్ పడి ఆగేచోట రబ్బరు స్టాపర్లు ఉంటాయి. అవి ఎండి గట్టిపడ్డాయి లేదా ఊడిపోయాయి. గోరు గుచ్చితే దిగకపోతే మార్చండి. ధర తక్కువే, కానీ చిన్నచూపు చూడకండి. పీస్ ఎంత లోతు పడాలో నిర్ణయించేది ఈ రబ్బరు ఎత్తే. చెప్పు అట్ట కోసి అతికిస్తే, ఎడమవైపు 10 మిల్లీమీటర్లు, కుడివైపు 12 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, ప్రతి దెబ్బకూ పీస్ మెలిక తిరుగుతుంది. మీ బుష్ ఒక పక్కే అరిగి ఉంటే కారణం ఇదే కావచ్చు. తల వైపు పీస్ మీరు తక్కువ వాడి ఉంటే దాని స్టాపర్ ఒకటి విప్పి, రబ్బరు పార్టుల షాపులో చూపించి అంతే గట్టిదనం, అంతే ఎత్తు ఉన్నవి తెచ్చుకోండి. నమూనా లేకపోతే రబ్బరు గట్టిదనాన్ని కొలిచే షోర్-ఏ లెక్కలో 60, 70 మధ్య అడగండి, బండి టైరు తొక్కు గట్టిదనం అంత. బాగా మెత్తటివి వేస్తే చప్పుడు పోతుంది, కానీ పీస్ ఎగిరి మళ్లీ పేషెంట్‌కి తగులుతుంది. కొంచెం 'ఢబ్' అనే చప్పుడు ఉండాల్సిందే. పేషెంట్లకి టెన్షన్ అనిపిస్తే మొదటిసారి ఖాళీ టేబుల్ మీద ఒకసారి వేసి వినిపించండి.

నూనె విషయం కూడా చెప్పాలి. కిర్రుమంటోందని డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేస్తారు. అది తుప్పు వదిలించడానికి, తేమ తీయడానికి పనికొస్తుంది, కందెనగా ఎక్కువ రోజులు నిలవదు. పైగా ఉన్న గ్రీజును కడిగేస్తుంది. పిన్నులకు తెల్ల లిథియం గ్రీజు, అగ్గిపుల్ల తలంత చాలు. క్యాచ్ పట్టుకునే ముఖం మీద చుక్క కూడా పడకూడదు. మొన్నటిదాకా ఆగిన పీస్ గ్రీజు పెట్టిన రోజు నుంచీ జారుతోందంటే అదే కారణం.

హెడ్ పీస్ జారడానికి రెండు కారణాలుండొచ్చు. బిగించే లివర్ దగ్గర రాపిడి వాషర్ అరిగి ఉంటే అది మార్చితే సరి. కారు డిక్కీకి ఉండేలాంటి గ్యాస్ రాడ్ ఉంటే దాంట్లో గ్యాస్ తగ్గింది, కొత్తది వేయాలి. దాని ఒంటి మీద 'ఎన్' అక్షరంతో ఒక అంకె ఉంటుంది, అది న్యూటన్లలో బలం. ఆ అంకె, పూర్తిగా సాగినప్పటి పొడవు, కడ్డీ ఎంత లోపలికి పోతుందన్నది, చివరి బంతి కీలు సైజు, ఇవన్నీ కలవాలి. సగం మూసిన స్థితిలో రాడ్ వైపు కిందికి ఉండేలా బిగిస్తే లోపలి నూనె సీలును తడిగా ఉంచి ఎక్కువ కాలం వస్తుంది. పాత రాడ్‌ను "గ్యాస్ నింపుతాం" అనేవాళ్లకి ఇవ్వకండి. దానికి చిల్లు పెట్టడం, వేడి చేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, లోపల నైట్రోజన్ పెద్ద ఒత్తిడిలో ఉంటుంది.

రెక్సిన్ మన ఊళ్లో సీటు కవర్ల షాపువాళ్లు బాగా చేస్తారు. రెండు షరతులు. స్పాంజి మందం పాతదానికి సమానంగా ఉండాలి. "మెత్తగ ఉంటది మేడమ్" అని అంగుళం ఎక్కువ వేస్తే మీరు ఇచ్చే ఒత్తిడి స్పాంజిలోనే ఆగిపోతుంది. 40 డెన్సిటీకి తక్కువ ఒప్పుకోవద్దు. రెండోది, మూలల దగ్గర మడతలు కింద మేకుల దగ్గరే ఉండాలి, పక్కల్లో దొంతరగా ఉండకూడదు. పక్క పీస్‌కి రాసుకుని డ్రాప్‌ను ఆపేసేది తరచుగా ఆ మడతే. ఇంకోసారి పగలకూడదంటే స్పిరిట్, శానిటైజర్‌తో తుడవడం మానేయండి. రెక్సిన్‌ను మెత్తగా ఉంచే పదార్థాన్ని అవి లాగేస్తాయి. పలచటి సబ్బు నీళ్లు, తర్వాత తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ. పైన కాగితం రోల్ పరిస్తే ఇంకా మంచిది.

మీరు రాయలేదు గానీ, ఎత్తు పెంచే మోటారు ఉంటే ఒక్కసారి దాని ప్లేటు చదవండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే మన 230 వోల్టుల లైనుకి ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ఏసీ ఇండక్షన్ మోటారైతే మన 50 హెర్ట్జ్‌కి ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, వేడెక్కుతుంది. వరసగా పైకీ కిందికీ ఆడించకండి. ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేషన్ రకం కొనండి. చవకగా దొరికే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుందే గానీ లైను నుంచి వేరు చేయదు. ఇనుప ఫ్రేముకి ఎర్త్ వచ్చిందో లేదో ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి చూడండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉత్తదే ఉంటుంది.

అమ్మడం గురించి అడిగారు. ఫ్రేము ఒక్కటి చూసుకోండి. డ్రాప్ పీస్‌ను మోసే పట్టీల దగ్గర, వెల్డింగ్ అంచుల్లో వెంట్రుకంత పగులు గానీ, ఇదివరకు ఎవరో వెల్డింగ్ చేసిన మచ్చ గానీ ఉంటే ఆ టేబుల్ మీద డబ్బు పెట్టకండి, ఎవరికీ అమ్మకండి కూడా, పాత ఇనుముకి వేసేయండి. ఫ్రేము గట్టిగా ఉంటే మాత్రం బుష్‌లు, స్టాపర్లు, రెక్సిన్ ఇక్కడ చేయించి, క్యాచ్ ఒక్కటి తెప్పించుకుంటే అది మీకు చాలా ఏళ్లు పని చేస్తుంది. ఆ క్యాచ్ ధర విడిగా ఎంతో మళ్లీ అడగండి. మొదటిసారి వాళ్లు మీకు చెప్పింది బహుశా మొత్తం డ్రాప్ సెట్ ధర.